దైవావేశమును, దాని ప్రయోజనమును

క్రైస్తవులు తమ వేదగ్రంథమునుగూర్చి చెప్పుకొను మాటలలో రెండు ప్రధానములు. అది దైవావేశమువలన కలిగినదనుట మొదటిది. అది మనుష్యజీవితమునకు ప్రయోజనకరమనుట రెండవది. పౌలు తన శిష్యుడగు తిమోతికి వ్రాసినట్లు చెప్పబడు రెండవ పత్రికలో, మూడవ యధ్యాయము తుదిని, ఈ రెండు మాటలును ఒక్క వాక్యముననే కూర్పబడియున్నవి. ఉపదేశము, మందలింపు, దిద్దుబాటు, ధర్మమందు శిక్షణ యని ప్రయోజనములు నాలుగు అచ్చట లెక్కింపబడినవి. ఈ నాలుగింటికిని గమ్యమొక్కటే: దేవునివాడనిపించుకొన్న మనుష్యుడు ఏ మంచిపని యెదురైనను దానికి సిద్ధుడై యుండుట.

ఇంత పొందికగానున్న మాటను ఇరుపక్షములవారును రెండు ముక్కలు చేసి పంచుకొనిరి. ఒక పక్షమువారు మొదటి ముక్కను గైకొని, గ్రంథము దైవదత్తము గనుక దానిని విమర్శింపరాదని పలికి అంతటితో తృప్తినొందుదురు. చదువుకొన్న మనవారిలో పెక్కుమంది రెండవ ముక్కను గైకొని, దైవావేశము మాట యటుండనిండు, అందలి నీతులు మంచివి, కూలివాండ్రను కుదురుగా నుంచుచున్నవి, అది చాలునని పెద్దమనుష్యుల తీరున మెచ్చుకొందురు. ఈ రెండు తీర్పులును సరియైనవి కావని మా యభిప్రాయము. ప్రయోజనమును విడిచిన దైవావేశము విగ్రహమగును. దైవావేశమును విడిచిన ప్రయోజనము యజమానుని చేతి ముల్లుకఱ్ఱ యగును. ఏ గ్రంథము దేవుని యూపిరియో తెలిసికొనవలెనన్నచో, అది యెవరిని ఏ మంచిపనికి లేపినదో చూడవలెను. అంతకంటె నిశ్చయమైన మార్గము మాకు కనబడలేదు.

ఈ విచారణకై దూరదేశములకు పోనక్కఱలేదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి మైదానము చాలును. 2022లో ఈ సీమనుండి బాపట్ల, పల్నాడు జిల్లాలు వేఱుపడినవి గాని నేల యొక్కటే. పత్తియు మిరపయు పండు ఈ నేలపై ఏ గ్రామమునకు పోయినను ఊరొకచో, పల్లె యొకచో నుండును. ఊరనగా రైతులును తక్కిన కులములవారును నివసించు చోటు; పల్లె యనగా మాలమాదిగల వాడ. ప్రార్థనమందిరము లేని పల్లె అరుదు. 1842లో హెయ్యరు అను లూథరను బోధకుడు గుంటూరు చేరెను. 1866లో క్లౌ అను బాప్టిస్టు బోధకుడు ఒంగోలున కాపురము పెట్టెను. నాటినుండి, నూటయేబది సంవత్సరములకు పైగా, ఆ గ్రంథము ఆ పల్లెలలో చదువబడుచున్నది. వారమంతయు మన పొలములలో పత్తి తీయు చేతులే ఆదివారము దాని పుటలు త్రిప్పుచున్నవి. కాబట్టి ఇది పొరుగువారి మతవిషయము, మనకేల యని విద్యావంతులు తప్పుకొనుటకు వీలులేదు.

మొదట మాటను విచారింతము. గ్రీకుమూలమున పౌలు పత్రికలోనున్న పదము దేవుడు, ఊపిరి యను రెండింటి కూడిక. దేవునిచే ఊదబడినది యని దాని యర్థము. తెలుగు అనువాదకులు దానికి 'దైవావేశము' అను మాట నేర్పఱచిరి. మాట గంభీరమైనదే, కాని యీ సీమలో ఆవేశమనగానే వినువాని మనస్సునకు తోచునది వేఱు. పోలేరమ్మ కొలుపులలో పూనకము వచ్చినవాడు తన స్మృతిని కోల్పోవును; పలుకునది అమ్మవారు; వాని నోరు తూము మాత్రమే. గ్రంథకర్తల విషయమునను అట్లే జరిగినదని తలచినవాడు ప్రతి యక్షరమును ఆకాశమునుండి రాలినట్లు భావించును. ఊపిరి యనుమాట యటువంటిది కాదు. ఊపిరి మనుష్యుని త్రోసివేయదు, బ్రదికించును. ఊపిరి గలవాడు తన గొంతుతోనే, తన యూరి యాసతోనే మాటలాడును. ఆమోసు ప్రవక్త పసులకాపరి. అతని మాటలలో మందలును, పనలు నిండిన బండ్లును కనబడును. లూకా తాను మొదటినుండి విచారించి తెలిసికొని వరుసగా వ్రాయుచున్నట్లు తన సువార్త యారంభముననే చెప్పుకొనెను. విచారించి వ్రాసినవాని కలమును పూనకము వచ్చినవాని నోటితో పోల్చరాదు.

మన యుపనిషత్తులందును ఇదే యుపమానము కలదు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశించుచు, తడికట్టెల మంటనుండి పొగలు వెడలునట్లు ఋగ్వేదాదులు ఆ మహాసత్త్వముయొక్క నిశ్వాసముగా వెడలినవని చెప్పెను. వేదములతోపాటు ఇతిహాసపురాణములను, విద్యలను సయితము ఆ నిశ్వాసములోనే చేర్చెను. ఒకరినొకరు ఎఱుగని రెండు దేశముల జ్ఞానులు ఒక్క యుపమానమును చేరుకొనుట మేము తేలికగా తీసికొనజాలము. దేవుని యూపిరి ఒక్క జాతి పేటికలో దాచబడినది కాదని దీనివలన మాకు బోధపడుచున్నది.

ఆ గ్రంథము తెలుగువారి చేతికి ఎట్లు వచ్చినదో ఎఱిగినవాడు అక్షరమునందు దోషమే లేదని వాదింపజాలడు. పదునెనిమిదవ శతాబ్దమున చెన్నపట్టణముననుండిన షుల్ట్జె అను జర్మను బోధకుడు దానిని తెలుగులోనికి తెచ్చెను. అది అచ్చుపడక వ్రాతప్రతిగనే నిలిచిపోయెను. పిదప విశాఖపట్టణమున లండను మిషనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగించిరి. కొత్త నిబంధన 1818లోను, సమగ్రగ్రంథము 1854లోను అచ్చయ్యెను. ఆ మీదటను సవరణలు జరిగినవి. ఒకరు వ్రాసినది మఱొకరు దిద్దిరి. దిద్దినదానిని వేఱొకరు మరల దిద్దిరి. ఇన్ని చేతులు శ్రమించిన అక్షరములను తప్పెఱుగనివని పూజించుట ఆ శ్రమించినవారి వినయమునకే విరుద్ధము. దిద్దుబాటు లేఖనమువలన కలుగు ప్రయోజనములలో నొకటి యని పౌలు చెప్పెను గదా; ఆ లేఖనమే మొదట దిద్దుబాటునకు లోబడి మనయొద్దకు వచ్చినది.

అక్షరమే సర్వప్రమాణమని పట్టుకొన్నవారు ఏ గతికి పోయిరో పత్తిపొలముల చరిత్రయే చెప్పుచున్నది. అమెరికా దక్షిణరాష్ట్రములలో ఆఫ్రికాసంతతివారు బానిసలై పత్తి తీయుచుండిరి. వారి యజమానులు నాస్తికులు కారు. లేవీయకాండమును, అపోస్తలుల పత్రికలను చూపి తమ యాజమాన్యము దైవసమ్మతమని వాదించినవారు. బానిసలుగలవానిని బోధకునిగా నియమింపవచ్చునా యను తగవు ముదిరి 1845లో అమెరికా బాప్టిస్టులు ఉత్తరదక్షిణశాఖలుగా చీలిపోయిరి. అంతకు అయిదు సంవత్సరములకు ముందు, 1840లో, నెల్లూరున మొదలైన తెలుగు మిషనును పోషించుచుండిన సమాజమే యిట్లు చీలినది. ఇరుపక్షములవారి చేతిలోను ఒకే గ్రంథము. ఇరుపక్షములవారును దానిని దైవావేశజనితమని నమ్మినవారే. ఫిలేమోను పత్రికలో పౌలు ఒక దాసుని యజమానుని యొద్దకు తిరిగి పంపుచు, వానిని దాసునిగాగాక సోదరునిగా చేర్చుకొనుమని కోరెను. ఒక పక్షము తిరిగి పంపుటను చదివెను. మఱొక పక్షము సోదరత్వమును చదివెను. నమ్మకము మాత్రమే ఆ తగవును తీర్పలేకపోయినది. ఏ చదువు మనుష్యుని సంకెల విప్పినదో, ఏ చదువు బిగించినదో చూచినవారికి మాత్రము తీర్పు కష్టము కాలేదు.

ఇక ఒంగోలునకు వత్తము. క్లౌ దొర తన జీవితమునుగూర్చి చెప్పగా ఆయన రెండవ భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ కూర్చిన గ్రంథము ఆయన మరణానంతరము 1914లో వెలువడినది. అందొక వృత్తాంతము కలదు. ఆయన ఒంగోలు చేరిన తొలిదినములలో బ్రాహ్మణులును ఇతర పెద్దకులములవారును ఆయనను ఆదరించి, తమ బాలురను పాఠశాలకు పంపిరి. అంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ భక్తుడు బాప్తిస్మము పొందగా, ఆయన వెంబడి ఆ కులమువారు రాసాగిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దలు ఖండితముగా చెప్పిరి. దొర యేమియు తోచక ఒంటరిగా కూర్చుండి గ్రంథమును తెఱవగా, కొరింథీయుల మొదటి పత్రికలోని మొదటి యధ్యాయము కనబడెను. లోకము మెచ్చిన జ్ఞానులనుగాక, బలవంతులనుగాక, కులీనులనుగాక, లోకము త్రోసివేసినవారినే దేవుడు ఏర్పఱచుకొనెనని అచ్చటి భావము. వేఱొక గదిలోనున్న ఆయన మొదటి భార్య హారియెట్టమ్మయు తనంతట తాను అదే చోటు తెఱచినదట. ఆ దంపతులు దానిని ఆజ్ఞగా గైకొని మాదిగలను చేర్చుకొనిరి. పెద్దకులముల బాలురు బడి విడిచిరి.

క్రైస్తవులు దీనిని అద్భుతముగా చెప్పుకొందురు. రెండు గదులలో ఒకే పుట తెఱచుకొనుటతో మాకు పని లేదు. పుటలు తెఱచి శకునము చూచువారికిని ఏదో యొక పుట కనబడుచునే యుండును. మేము చూచునది వేఱు. ఆ పుట ఆయనకు లాభము తేలేదు. ఊరి పెద్దల స్నేహమును, బడి పేరును, తన శ్రమకు కలుగనున్న సులభఫలమును అది హరించినది. తనకు ఇష్టమైనదానిని సమర్థించు వాక్యమును వెదకికొనుట యెవరికైనను సులభము. తన లాభమునకు అడ్డముగా నిలిచిన వాక్యమునకు మనుష్యుడు తలవంచినప్పుడు, ఆ వాక్యము వాని మనస్సులో పుట్టినది కాదని నమ్ముటకు కారణము కలుగును. దైవావేశమునకు మేమెఱిగిన మొదటి గుఱుతు ఇదియే.

చేరినవారికి చెప్పిన నియమములు ముఖ్యముగా మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. అఱువదియాఱు పుస్తకముల గ్రంథము పల్లెలో నడుగుపెట్టునప్పటికి మూడు మాటలయ్యెను. చదువరులు వీనిని చులకనగా చూడరాదు. ఊరిలో పశువు చచ్చినచో దానిని లాగికొనిపోవుట మాదిగ విధి. తోలు పదునుచేసి చెప్పులు కుట్టి రైతునకిచ్చుట వాని విధి. మాంసము వాని పాలు. జాతరలలో డప్పు కొట్టుట వాని విధి. పని దినమేదియో, విరామమేదియో చెప్పువాడు రైతు. ఈ మూడు కట్లను ఆ మూడు మాటలు కోసినవి. ఆదివారము పనికి రానన్నవానిపైని, డప్పు పట్టనన్నవానిపైని ఊరు కినిసినది. కూలి మాన్పించుట, నీటికి అడ్డుపడుట మొదలగు బాధలు వారు పడిరి. ఏడు దినములలో ఒక్కదినమునకు తానే యజమానుడనని కూలివాడు పలుకుట ఆ కాలమున చిన్నమాట కాదు.

వీనిలో రెండవ నియమమునుగూర్చి కొంత నిలిచి ఆలోచింపవలెను. అట్టి నిషేధము ద్వితీయోపదేశకాండము పదునాలుగవ యధ్యాయమున నున్నది. ఆ వాక్యమును తుదివఱకు చదువువారికి ఒక చిక్కు కలుగును. మీరు పరిశుద్ధజనము గనుక చచ్చినదానిని తినకుడు. అయితే మీ గ్రామమున నివసించు పరదేశికి ఈయవచ్చును, అన్యునికి అమ్మవచ్చును అని దాని భావము. అక్షరార్థమున చూచినచో మన గ్రామాచారమును ఇంతే గదా! ఊరివాడు శుచియైనవాడు, తినడు, పల్లెవానికిచ్చును. మాదిగ ఆ వాక్యములో తన్ను ఏ స్థానమున చూచుకొనవలెను? వేయేండ్లనుండి గ్రామము వానికి చూపిన స్థానము పరదేశిది. అతడు తీసికొన్నది పరిశుద్ధజనుని స్థానము. అక్షరము ఇద్దఱినిగూర్చియు చెప్పుచున్నది. తాను ఎవ్వడో నిర్ణయించుకొన్నవాడు చదువరి. ఈ సాహసము వానికి ఎచ్చటినుండి వచ్చెను? వ్యాకరణమునుండి రాలేదు; వానికి అక్షరములే రావు. నీవును దేవుని బిడ్డవే యను మాట వాని లోపల ఊదబడినందున వచ్చెను. దైవావేశము వ్రాసినవానియందు మాత్రమేగాక, చదువువానియందును, వినువానియందును కలుగవలెనని మేమనుట యిందులకే.

కూటికొఱకు మతము మార్చుకొనిరని మనవారిలో ఒక యాక్షేపము కలదు. ఇదియు విచారింపదగినదే. 1876 మొదలు 1878 వఱకు చెన్నపురి రాజధానిని పీడించిన కఱవున, క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆయన బోధకులే అచ్చట మేస్త్రీలైరి. ఆ కాలమున సంఘములో చేరుదుమని వచ్చినవారికి ఆయన బాప్తిస్మమీయలేదు. కఱవుసాయము ముగియువఱకు ఆగుడనెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికిని ధర్మమునకును నడుమ గట్టు వేయుటకు ఆయన చేసిన ప్రయత్నము మెచ్చదగినది. ఆ గట్టు చుక్క జారకుండ నిలిచినదని మేమనము. కఱవులో కూలియిచ్చినవానిని జనులు మఱవరు. అయినను ఆక్షేపించువారిని ఒక్కటి యడుగుదుము. ఆ కఱవున ఊరి దేవళము పల్లెవానికి ఏ తలుపు తెఱచెను? ఆకలిగొన్నవాడు అన్నమిచ్చినచోటికి పోయెనని, అన్నము పెట్టనివాడు నిందించుట ధర్మము కాదు.

గుంటూరుననుండి మఱియొక దృష్టాంతము. 1883లో వచ్చిన అన్నా కూగ్లరు అను వైద్యురాలు స్త్రీలకును శిశువులకును చికిత్స చేయుచు, 1898లో ఆసుపత్రిని తెఱచి, 1930లో చనిపోవువఱకు అందులకే తన జీవితమును ధారపోసెను. పరపురుషుడైన వైద్యునికి నాడి చూపనీయని కుటుంబముల స్త్రీలు ప్రసవవేదనలో ప్రాణములు విడుచుచుండిన దినములవి. ఆమె నమ్మిన గ్రంథమున శస్త్రచికిత్స లేదు. అది ఆమె కళాశాలలో నేర్చినది. గ్రంథము ఆమెకు విద్యనీయలేదు. ఆ విద్యను ఎవరికొఱకు వాడవలెనో చెప్పినది. దైవావేశము శాస్త్రజ్ఞానమునకు బదులు రాదు. దానికి దిక్కు చూపును. లేఖనమునుండి భూగోళమును, ఖగోళమును, వైద్యమును పిండవలెనని శ్రమపడు భక్తులు ఈ భేదమును గమనింతురుగాక.

ఇచ్చట రామమోహనరాయలవారి తగవు జ్ఞప్తికి వచ్చుచున్నది. 1820లో ఆయన సువార్తలనుండి ఏసు నీత్యుపదేశములను మాత్రమే యేర్చి ప్రకటించెను, అద్భుతములను విడిచిపెట్టెను. సీరాంపూరు మిషనులోని మార్ష్‌మన్ దొర దానిని ఖండించెను. రాయలవారు ప్రత్యుత్తరములు వ్రాసిరి. ఈ తగవులో మా మనస్సు రాయలవారి వైపున నున్నదని చెప్పనక్కఱలేదు. ధర్మమును అద్భుతములపై నిలుపనక్కఱలేదని ఆయన చూపెను. అయినను మార్ష్‌మన్ పక్షమున ఒక సత్యము కలదు. ఏర్చి కూర్చిన నీతులు పండితుని బల్లపై చక్కగా నుండును. పల్లెలో చచ్చిన పశువును తిననన్నవానికి దెబ్బలు కాచుకొను ధైర్యము కావలెను. ఆ ధైర్యము నీతివాక్యమునుండి పుట్టదు. ఆ వాక్యము వెనుక జీవముగల యొక పురుషుడు తనకు తోడున్నాడను నమ్మకమునుండి పుట్టును. ఇంకొక సంగతి. వేదములు నిర్దోషములని తొలుత నమ్మిన దేవేంద్రనాథ ఠాకూరుగారు, నలువురు బ్రాహ్మణయువకులను కాశికి పంపి వేదములను చదివించి, విచారించి, తుదకు ఆ నమ్మకమును విడిచిరి. విడిచియు ఉపనిషత్తులను విడువలేదు. అక్షరపూజ పోయినపిదపనే వానిని నిర్భయముగా ప్రేమించిరి. ప్రమాణబుద్ధిని విడిచినచో భక్తి నశించునని భయపడు క్రైస్తవసోదరులకు ఈ చరిత్ర ధైర్యమీయగలదు.

ఇప్పుడు పౌలు లెక్కించిన నాలుగు ప్రయోజనములకు మరలుదము. తెలుగు గ్రంథమున నాలుగవదానికి 'శిక్ష' యను మాట వాడబడినది. ప్రాచీనార్థమున శిక్ష యనగా అభ్యాసము, తర్ఫీదు. నేడు వినువాని చెవికి దండనయే తోచును. ఈ యర్థభేదము మాటకు మాత్రమే పరిమితమై యుండిన బాధ లేకపోవును. పెక్కు సంఘములలో ఆచరణయే మాఱినది. లేఖనము తన్ను తర్ఫీదు చేయుటకని మఱచి, ఎదుటివానిని దండించుటకని తలచువారు హెచ్చిరి. మందలింపునకు గ్రంథమే ఒక క్రమమును చూపుచున్నది. నాతాను ప్రవక్త పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పి మందలించినది కాపరిని కాదు, సింహాసనముపైనున్న దావీదును. లేఖనపు మందలింపు మొదట బలవంతుని తలుపు తట్టవలెను. అందులోను, చదువువాడు బలవంతుడైనచో, మొదట తన తలుపునే తట్టవలెను.

ఈ కొలతతో చూచినచో ఇరువురమును నిలువలేము. క్రైస్తవసంఘములలో కులము చావలేదు. లూథరను సంఘమున మాలలు, బాప్టిస్టు సంఘమున మాదిగలు హెచ్చుగా చేరిరి. రోమను కథోలిక సంఘమున కమ్మవారును రెడ్లును కలరు. ఒకే రొట్టె విఱుచుకొను మతమున పెండ్లిసంబంధములు కులమును దాటుట నేటికిని అరుదు. వినుకొండకు చెందిన జాషువ కవి 1941లో 'గబ్బిలము' ప్రకటించి, పల్లెవాని గోడును కాశీవిశ్వనాథునికి విన్నవించెను. ఆయన 'క్రీస్తుచరిత్ర' 1964లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము పొందెను. ఒక్క హృదయమున రెండు పేర్లుగల దేవునికి మొఱ్ఱపెట్టిన ఆ కవిని రెండు మతముల కులాభిమానులును సుఖముగా నుండనీయలేదు.

ఇక ఊరివారి సంగతి. ఆ గ్రంథము ఈ మైదానమునకు వచ్చి నూఱేండ్లు దాటినపిదప, 1985 జూలైలో కారంచేడున మాదిగలును, 1991 ఆగస్టులో చుండూరున మాలలును ఊరివారి చేతులలో హతులైరి. ఆ హత్యలు చేసినవారు నిరక్షరాస్యులైన అడవిమనుష్యులు కారు. కాలువనీటితో, పత్తితో, పొగాకుతో పెరిగిన గ్రామములవారు. పల్లెవాడు తలయెత్తి నడచుటయే అచ్చట నేరమైనది. వాని తలను ఎత్తినవానిలో ఆ గ్రంథమును ఒకటి. కూలివాండ్రను కుదురుగా నుంచును గనుక మతము మేలని మెచ్చుకొన్న పెద్దమనుష్యులు ఈ సంగతిని ఆలోచింపవలెను. వారు మెచ్చిన ప్రయోజనమును ఆ గ్రంథము చేయలేదు. వారు కోరని ప్రయోజనమును చేసినది.

నేడు ఈ మైదానమున లేఖనమునకు కలిగిన కఠినపరీక్ష మఱొకటి కలదు. 1950నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమువాడు హిందువై యుండవలెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి గాని క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవమును గైకొన్న షెడ్యూల్డు కులములవారికి మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా నూటికొక్కటి మాత్రమే దక్కినది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైనవానికి 1989నాటి అత్యాచారనిరోధకచట్టపు రక్షణ చెల్లదని తీర్పు చెప్పినది. దీని ఫలమేమి? ఆదివారము పీఠమునుండి సత్యమే పలుకవలెనని బోధ జరుగును; వినుచున్నవాని పెట్టెలో హిందువని వ్రాసిన ధ్రువపత్రముండును. బిడ్డ చదువుకొఱకు వాడు తన దేవుని పేరును కాగితముపై దాచుకొనుచున్నాడు. ఊరివాడు వానిని కులము పేర తిట్టునప్పుడు మాత్రము వాని మతమేదని యడుగడు.

ఇట్టివానిని లేఖనము చూపి అబద్ధికుడని మందలింపవచ్చునా? సత్యము సత్యమే, దాచుట మంచిదని మేము చెప్పము. దాచి దాచి బ్రదుకువాని ఆత్మకు కలుగు గాయమును మేమెఱుగుదుము. కాని నాతాను క్రమమును తలచుకొనుడు. అబద్ధమాడినవానికే అన్నము దొరకునట్లు ఏర్పాటు చేసినవారిని విడిచి, ఆ యేర్పాటున చిక్కుకొన్నవానిని మాత్రమే మందలించు బోధకుడు లేఖనమును తలక్రిందుగా పట్టుకొన్నవాడు. అతని నోట ఎంత సత్యవాక్యమైనను ఊపిరిలేని వాక్యమే. అట్లే, ఆ పేదవాని పత్రమును చూపి నవ్వు విద్యావంతుడు, తన కులమును బట్టి తనకు కలిగిన సౌఖ్యములకు ఏ పత్రమును చూపనక్కఱలేకపోయెనని గుర్తింపవలెను.

మిరపపంట కల్లములలో ఆరబోసినపుడు స్త్రీలు ఎండలో కూర్చుండి తాలుకాయలను ఏరివేయుదురు. గుంటూరు మిర్చియార్డులో కొనువాడు బస్తాపైనున్న గుఱుతును చూచి వెల కట్టడు; చేయి లోనికి పెట్టి అడుగుననున్న కాయలను తీసి, రంగు చూచి, విఱిచి చూచును. కాయ పుట్టినది మంచి విత్తనమునుండియా యను ప్రశ్నకు ఆ విఱుపులోనే సమాధానము దొరకును. లేఖనమును ఏఱుటకు నీవెవ్వడవని మమ్మడుగువారికి మా సమాధానమింతే. ఏరనివారెవరును లేరు. ఆదిమండలి ధర్మశాస్త్రములోని ఆహారనియమములను విడిచినది. ఒంగోలు మిషను అఱువదియాఱు పుస్తకములను మూడు మాటలకు తెచ్చినది. ఏఱుటలో పాపము లేదు. తనకు సుఖమైనదానిని ఉంచుకొని, తనకు భారమైనదానిని తాలు అని పాఱవేయుటలో పాపము కలదు.

కాబట్టి క్రైస్తవసోదరులకు మా మనవి యిది. మీ గ్రంథము దేవుని యూపిరి యని మీరు మాతో వాదింపనక్కఱలేదు. మీ మాలసంఘమును మాదిగసంఘమును ఒకే శ్మశానమున, ఒకే పెండ్లిపందిరిలో కలిసిననాడు మేమడుగకయే ఒప్పుకొందుము. చదువరులైన మనవారికి మా మనవి మఱొకటి. పల్లెలో చదువబడు గ్రంథమును మెచ్చుకొనుటయు, నిందించుటయు మాని, అది మనలనుద్దేశించి యేమి పలుకుచున్నదో యొకమాఱు విందము. కూలిదినము ఎవరు నిర్ణయించుచున్నారు, చెఱువునీరు ఎవరు త్రావుచున్నారు, మన వాకిట ఎవరు నిలువబడి యున్నారు అని అది యడుగుచున్నది. ఆ ప్రశ్న మన వేదములనుండి వచ్చినను, వారి వేదమునుండి వచ్చినను, అడుగువాడొక్కడే. ఉత్తరము మాటలతో చెల్లదు. వచ్చు కోతలకు ముందే మన పొలముగట్టున, మన బావియొద్ద, మన పంక్తిలో చెల్లింపవలసియున్నది.